ఓబులమ్మక్క ముఖం

పోయిన శుక్రవారం పాతూరు మార్కెట్లో పూలమ్మే ఆమె తడి గోనెపట్టా మీద నుంచి మరువం కట్ట ఎత్తి విదిలించింది. నీళ్ళ చుక్కలతో పాటు ఆ వాసన కూడా నా ముఖాన తగిలింది. కనకాంబరాలు మూర ఎంత అని అడగబోతున్న దాన్ని అలాగే ఆగిపోయాను. నాకు డెబ్బై దాటాయి. మెట్లెక్కితే మోకాళ్ళు పట్టేస్తాయి, నిన్న ఏం తిన్నానో ఈ రోజు గుర్తుండదు. అయినా మరువం వాసన వస్తే చాలు, ఇరవై రెండేళ్ళప్పుడు లేచినట్టే కడుపులో సన్నటి మంట లేస్తుంది. ఆ మంట పేరు అసూయ. ఎవరి మీద అసూయపడ్డానో ఆ మనిషి పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆమె పేరు ఓబులమ్మ. నా బతుకులో ఎవరిని చూసైనా ఏదైనా నేర్చుకున్నానంటే అది ఆమెను చూసే. ఎవరిని చూసైనా కుళ్ళిపోయానంటే అదీ ఆమెను చూసే.

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరల అంచులకు గళ్ళ కాగితం మీద బొమ్మలు గీసేవాడు. హంసలు, మామిడి పిందెలు, రుద్రాక్షలు. ఒక్కొక్క గడిని పెన్సిలుతో నింపుకుంటూ పోవాలి. ఒక గడి తప్పితే మగ్గం మీద హంస మెడ విరిగినట్టు వస్తుంది. పదేళ్ళ వయసు నుంచే నేను ఆయన పక్కన కూర్చుని గళ్ళు నింపేదాన్ని. ఇంటరు తప్పి ఇంట్లో ఊరికే ఉన్న రోజుల్లో, అంటే డెబ్బైల నడుమ, అనంతపురంలో మా మేనత్త వాళ్ళ వీధి చివరి ఫోటో స్టూడియోలో సన్నపని చేసేవాళ్ళు కావాలని తెలిసింది. అత్త నా సంగతి చెప్పింది. అలా నేను ఆ ఊరికి వచ్చాను.

అప్పట్లో ఫోటో అంటే నలుపు తెలుపే. ఫిల్ము కడిగాక వచ్చే నెగటివ్ మీద మనిషి ముఖంలోని ముడతలు, మచ్చలు సన్నటి గీతలుగా కనబడేవి. ఏటవాలు బల్లలో బిగించిన గాజుపలక మీద దాన్ని పెట్టి, కింది నుంచి వెలుతురు పడేలా చేసి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో ఆ గీతలను చుక్కలు చుక్కలుగా పూడ్చాలి. అప్పుడు ప్రింటులో ముఖం నున్నగా వస్తుంది. పెన్సిలుకు లొంగని వాటిని చాకుమొనతో గీకుతారు, గీకిన చోటు ప్రింటులో నల్లబడి కనబడకుండా పోతుంది. దీన్ని రీటచింగ్ అనేవాళ్ళు. పెళ్ళిచూపులకు ముందు పంపే ఫోటోలే మా స్టూడియోను బతికించేవి కాబట్టి ఆ పని లేని రోజు ఉండేది కాదు. పెన్సిలు తప్పయితే తుడిచేయవచ్చు. చాకు తప్పయితే ఇక అంతే.

పని నేర్పినవాడు ఓబులమ్మ భర్త, నాగభూషణం మాస్టరు. స్టూడియో ఆయనదే. అప్పటికి నలభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, మందపాటి అద్దాలు, మందులు తగిలి పసుపెక్కిన వేళ్ళు. చూడగానే ఎవరూ రెండోసారి చూసే రూపం కాదు. కానీ ఆయన మాత్రం మనుషులను చూసేవాడు. కెమెరా మీది నల్లగుడ్డ కిందికి తల పెట్టే ముందు చేతులు వెనక్కు కట్టుకుని, ఎదుట కూర్చున్న వాళ్ళను ఒక నిమిషం అలా చూసేవాడు. ఆ నిమిషంలో తాసిల్దారు భార్యయినా, గొర్రెలు మేపుకునే ముసలాయనైనా బిగుసుకున్న భుజాలు వదిలి ఒద్దికగా కూర్చునేవాళ్ళు. ఎవరినీ తాకేవాడు కాదు. రెండు వేళ్ళు గాలిలో కదిపి, “గడ్డం రవ్వంత దించు తల్లీ,” అనేవాడు.

నాకు మొదటిరోజే ఒక మాట చెప్పాడు. “ఇంట్లోవాళ్ళు చూసి ఈమె మా పాపే అనల్ల. అంతవరకే నీ పెన్సిలు. అది దాటితే నువ్వు ఇంగొకరిని పుట్టిస్తాండావని అర్థం.”

ఆ వయసులో నేను బాగుండేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, అది ఎవరి ముఖమో అన్నంత దూరమైపోయింది. ఆర్ట్స్ కాలేజీ అబ్బాయిలు అవసరం లేకపోయినా పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చేవాళ్ళు. అందం అనేది నా దగ్గరున్న వస్తువనీ, అది ఉన్నవాళ్ళ వైపు చూపులు వాటంతట అవే తిరుగుతాయనీ నమ్మేదాన్ని. ఒక్క మాస్టరు చూపే తిరగలేదు. ఆయన నా చేతిని చూసేవాడు, నేను పెట్టే చుక్కలను చూసేవాడు. పని బాగుంటే తల ఊపేవాడు. ఎదుటి స్టూలు మీద కూర్చున్న వాళ్ళను చూసినట్టు నన్ను ఒక్కసారి చూస్తే బాగుండునని నాకు పట్టుకుంది. దాన్ని అప్పుడు ప్రేమ అనుకున్నాను. ఆ ఆరాటంతోనే పొద్దున్నే తల దువ్వుకునేదాన్ని, చీర ఎంచుకునేదాన్ని.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఓబులమ్మ వచ్చేది. ముందు చెప్పుల చప్పుడు, తర్వాత మరువం వాసన, తర్వాత ఆమె. ఒక చేతిలో అన్నం క్యారియర్, ఇంకో చేతిలో నీళ్ళ బిందె. ఆ ఏడు వానల్లేవు. ఫోటోలు కడగడానికి నీళ్ళు చాలేవి కావు, బోరింగు దగ్గర వరుసలో నిలబడి ఆమే ఒక బిందె పట్టుకొచ్చేది. నలభై మూడేళ్ళ మనిషి. నలుపు, లావు. ముందు పన్నొకటి వక్కాకుతో ఎర్రగారిపోయింది. కళ్ళ చుట్టూ, నోటి చుట్టూ లోతుగా గీతలు. కుడి దవడ మీద పెసరగింజంత పులిపిరి. నా బల్ల మీదికి వస్తే ఈ ముఖానికి రెండు రోజుల పని అని మొదటిసారి చూసినప్పుడే లెక్క వేసుకున్నాను.

ఆ చెప్పుల చప్పుడు వినబడగానే మాస్టరు అద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేవాడు. ప్రతిరోజూ. ఆమె గుమ్మం దాటేసరికి ఆయన కళ్ళు అటే ఉండేవి. నేను ఆకుపచ్చ చీర కట్టినా, నీలం చీర కట్టినా తుడవని అద్దాలు అవి.

“ఏం ఓబులమ్మా, ఆలస్యమైంది?” అనేవాడు.

“బోరింగు కాడ జనం. ఫోటోలకు నీళ్ళు కావల్లనా, నీకు సంగటి కావల్లనా తేల్చి చెప్పు. ఏదో ఒకటే తెస్తా,” అనేది ఆమె, ఫోటోలకు కూర్చునే స్టూలు మీద దబ్బున కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ. ఆయన నవ్వేవాడు. సంగటి, ఆకుకూర, చెనిక్కాయలు నూరిన ఊరిమిండి పచ్చడి. ఆయన తింటున్నంతసేపూ ఆమె బోరింగు కబుర్లు చెప్పేది. చెప్పుకోదగ్గ మాట ఒక్కటీ ఉండేది కాదు. అయినా ఆయన చెయ్యి నోటి దగ్గర ఆగిపోయేది వింటూ. నేను వెనక గదిలో బల్ల మీదికి వంగి, పెన్సిలు మొన విరిగేలా నొక్కుతూ, ఈ ముఖంలో ఏముందని అనుకునేదాన్ని.

నేను ఆమెను కావాలనే “అమ్మా” అని పిలిచేదాన్ని. మా ఇద్దరి మధ్య ఎన్నేళ్ళున్నాయో ఆయనకు వినబడాలి. అలా పిలిచిన నాలుగో రోజే ఆమె అంది, “అమ్మా గిమ్మా వద్దు పాపా. అక్కా అను.” నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వలేదు. అది నేను గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఒకరోజు అరలు దులుపుతుంటే బిస్కట్ల డబ్బా ఒకటి దొరికింది. తెరిస్తే అన్నీ ఓబులమ్మ ఫోటోలు. ఇరవై మూడు. వెనక ఏడాది రాసి ఉంది. పెళ్ళయిన నాటి నుంచి ప్రతి ఏడూ పెళ్ళిరోజున ఒకటి తీస్తున్నాడు. నేలమీద వరుసగా పరిచాను. మొదటిదాంట్లో సన్నగా, బిడియంగా ఉన్న మామూలు పిల్ల. అక్కడి నుంచి ఏటేటా లావు, ఏటేటా గీతలు. ఈమె తరిగిపోతోంది అనుకుని లోలోపల సంతోషపడ్డాను. కానీ నాకప్పటికి పని తెలుసు. రెండోసారి చూసినప్పుడు సంతోషం పోయింది. మొదటి ఫోటోల్లో వెలుతురు అడ్డదిడ్డంగా పడింది, మనిషి బొమ్మలా ఉంది. రానురాను ఫోటోలు ఎదుగుతూ వచ్చాయి. చివరి ఏడాది దాంట్లో ఆ గీతలన్నీ, ఆ పులిపిరి, ఆ ఎర్ర పన్ను అన్నీ ఉన్నాయి, ఆమె ఇప్పుడే ఏదో అనబోతున్నట్టుంది. ఆ స్టూడియోలో అంత మంచి ఫోటో ఇంకొకటి లేదు. ఒక్కదాని మీద కూడా పెన్సిలు ఆనలేదు.

ఆ వేసవిలో ఇరవై నాలుగోది తీశాడు. నెగటివ్ నా చేతికిచ్చి, “ఊరికే ప్రింటు వేసిపెట్టు, ఏమీ చేయొద్దు,” అని చెప్పి, పెళ్ళి ఫోటోలకని మూడు రోజులు కదిరి వైపు వెళ్ళాడు.

ఆ మూడు రోజులూ నేను వేరే పని ముట్టుకోలేదు. కళ్ళ చుట్టూ గీతలు పూడ్చాను. నోటి చుట్టూ గీతలు పూడ్చాను. మెడ మీద మడతలు తీసేశాను. దవడ చుట్టూ కండను, పులిపిరితో సహా, చాకుతో గీకి వెనకాల చీకట్లో కలిపేశాను. ఎందుకు చేస్తున్నానని ఎవరైనా అడిగితే, ఎలా ఉండాల్సిన మనిషి ఎలా ఉందో ఆయనకు చూపించడానికి అని చెప్పేదాన్నేమో. నా చెయ్యి అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. మూడో రోజు ప్రింటు వేసి తీగకు ఆరేశాను.

ఒంటిగంటకు ఓబులమ్మ వచ్చింది. మాస్టరు ఊళ్ళో లేకపోయినా నీళ్ళ బిందె తెచ్చింది. తీగ దగ్గర ఆగింది.

“ఎవరీ పాప?” అంది.

ఆమె ఇంకా దగ్గరికి వెళ్ళింది. చీర గుర్తుపట్టింది ముందు. తర్వాత చెవి కమ్మ. చెయ్యి తనంతట తానే దవడ మీదికి పోయి, పులిపిరి ఉందో లేదో తడుముకుంది.

“ఆయప్ప చేయమన్నాడా?” అని అడిగింది.

నేను లేదనవచ్చు. లేదనడానికి చాలినంత సమయం ఇచ్చింది ఆమె. “ఊఁ. మాస్టరే చేయమన్నారు,” అన్నాను.

ఆమె బిందె దించింది. ప్రింటు తడి పూర్తిగా ఆరకముందే తీగ నుంచి తీసుకుని, కొంగులో పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తడి ఫోటోను ఆమె చూసిన చూపు నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం ఆమెను నేను చూసే చూపే అది.

తర్వాతి రోజు నుంచి ఆమె రాలేదు. మాస్టరు తిరిగొచ్చి ఒంటిగంటకు అద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. రెండైంది. లేచి ఇంటికి వెళ్ళాడు. ఇక రోజూ అంతే. నేను కోరుకున్నట్టే ఆ స్టూలు ఖాళీ అయింది, కానీ ఆయన కూడా లేని మధ్యాహ్నాలు నాకు మిగిలాయి. సాయంత్రం వచ్చి పరాకుగా పని చేసేవాడు. ఒకసారి తనలో తాను అనుకున్నట్టు నాతో అన్నాడు, “మీ అక్కకు ఏమైందో తెల్దు రుక్కమ్మా. ముఖానికి తెల్లగా ఏందో పూసుకుంటాండాది. సంగటి తినదు. అడిగితే నా ముఖం చూడొద్దు పో అంటాది.” ఆ ఫోటో ప్రింటు వేశావా అని అడిగితే, ఇంకా లేదని చెప్పాను.

పది రోజులు ఓర్చుకున్నాను. ఆమె మీద జాలితో కాదనే చెప్పాలి. ఆయన ముఖం చూడలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. ఓబులమ్మక్క గడప దగ్గర కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. చెంపల మీద స్నో, పౌడరు చెమటకు చారలు కట్టాయి. చెవుల పక్క నెరిసిన వెంట్రుకలకు ఏదో నల్లరంగు పూసుకుంది, అది చెవులకంతా అంటుకుంది. మాస్టరు ఇంట్లో లేని వేళ చూసి బయటికి తీసిందేమో, గోడ మీది అద్దం అంచున ఆ ఫోటో చెక్కి ఉంది.

“అక్కా, ఆ ఫోటో మాస్టరు చేయమనలేదు. నేనే చేసినా,” అన్నాను గుమ్మంలో నిలబడే.

“తెలుసు,” అంది. చేతిలో కాయ చిట్లింది.

“ఎట్ల తెలుసు?”

“మూడు దినాలు దాన్నే చూస్తా కూర్చున్యా. ఆ గడ్డం నాది కాదు పాపా, నీది. ఆ పెదవి మూల కూడా నీదే. నీ ముఖం తెచ్చి నా మీద పెట్టినావు.”

నేను అద్దం దగ్గరికి వెళ్ళి చూశాను. ఫోటో, పక్కనే అద్దంలో నేను. ఆమె చెప్పింది నిజం. మూడు రోజులు ఒళ్ళు మరిచి చేసిన పనిలో అది నా కంటికి ఆనలేదు.

“తెలిసినంక కూడా ఎందుకు రాలేదక్కా స్టూడియోకి?”

“వస్తే నిన్ను చూడల్ల కదా,” అంది. కాసేపు కాయలు ఒలిచి మళ్ళీ అంది, “నువ్వు చేరకముందు ఆయప్ప మధ్యాన్నం ఇంటికొచ్చి తినేవాడు, ఎరుకనా నీకు? నువ్వు చేరిన వారానికి నేను క్యారియర్ తెప్పించుకున్యా. ఆ ఎండలో అంత దూరం నడిచొచ్చేది ఎందుకనుకున్యావు, సంగటి చల్లారిపోతాదనా? ఆ మరువం కూడా అప్పుడే మొదలుపెట్టింది. ఇంగ ఆ నీళ్ళ బిందె ఒకటి, ఊరికే రోజూ వస్తే ఏమనుకుంటాడో అని.”

రెండేళ్ళుగా నన్ను కాల్చిన ఆ మధ్యాహ్నాలు, ఆ వాసన, ఆ చెప్పుల చప్పుడు, అన్నీ నాకు భయపడి వచ్చినవి.

“నీకు ఎంత కుళ్ళుండాదో నాకూ అంతే ఉండాది. నీది వయసు కుళ్ళు, ఎగిరెగిరి పడతాది. నాది గమ్మున కూర్చుని తింటాది. అంతే తేడా.”

కొంగుతో ముఖం మీది పౌడరు తుడిచేసుకుంటూ తన సంగతి చెప్పింది. మాస్టరు పెళ్ళిచూపులకొచ్చి ఇష్టపడింది ఆమెను కాదు, వాళ్ళ చెల్లెల్ని. పెద్దది ఉండగా చిన్నదాన్ని ఎలా ఇస్తామని వాళ్ళ నాయన ఈమెనిచ్చాడు. “మొదట్లో ఏటా పెండ్లిరోజున ఫోటో తీసేది నా మీద ఆశతో కాదు. పని నేర్చుకోడానికి. ఎంతసేపైనా ఊరికే కూర్చునే మనిషి ఇంగెవరు దొరుకుతారు? నన్ను చూసేవాడే కాదు. నా మీద పడే వెలుతురు చూసేవాడు.”

“మరి ఎప్పుడు చూసినాడు?”

ఆమె చేతులు ఆగాయి. “ఒక కరువులో పెండ్లిళ్ళు లేక స్టూడియో మూతపడింది. నేను కంకర కొట్టే పనికి పోయినా. నెల దినాలు ఎండలో. నల్లగా మాడిపోయినా, పెదాలు పగిలినాయి, నెత్తినిండా రాతిదుమ్ము. ఒక సాయంత్రం ఆయప్ప నన్ను పిలుచుకుపోను వచ్చినాడు. గట్టు మీద నిలబడి అంతమంది ఆడోళ్ళలో నన్ను వెతుకుతాండాడు. అందరం ఒకే మాదిరి ఉండాము, గుర్తుపట్టలేడు. నేను పిలవచ్చు. పిలవలేదు. దొరికినంక చూసినాడు చూడు పాపా, అదీ. పెండ్లయిన ఎనిమిదేండ్లకు. నాకు ఆ పొద్దు తలకు చమురు కూడా లేదు.”

మరుసటి రోజు మాస్టరుకు నేనే చెప్పాను. ఆయన నెగటివ్ కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. పెన్సిలు తుడిస్తే పోతుంది. దవడ దగ్గర చాకు తిరిగిన చోటు ఇక రాదు. “చెయ్యి బాగానే తిప్పినావు,” అన్నాడు. అంతే. నన్ను తిట్టలేదు, పని మానమనలేదు. మళ్ళీ ఇంకో ఫోటో తీయండి మాస్టరూ అంటే, “ఆ పొద్దు అయిపోయింది కదా,” అన్నాడు. ఆ తర్వాత ఓబులమ్మక్క నెగటివ్ ఏదీ నా చేతికి ఇవ్వలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

ఓబులమ్మక్క మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు నాకు కూడా ఒక ముద్ద సంగటి తెచ్చేది. మా మధ్య కుళ్ళు పోయిందని చెప్పను. ఇద్దరికీ తెలిసిన సంగతయింది, అంతే. నేను కొత్త చీర కట్టిన రోజు ఆమె పైనుంచి కిందికి చూసి, “ఈ పొద్దు నాకు అన్నం దిగదు పో,” అని మొహం మీదే అనేసేది.

మూడేళ్ళ తర్వాత నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. నా ఫోటో మాస్టరే తీశాడు. ఆ రోజు కూడా ఆ నిమిషం చూపు కోసం కాచుకున్నాను, కానీ బయట ఎవరో పిలిచారు, తొందరగా తీసేసి వెళ్ళిపోయాడు. నెగటివ్ మీద పని నేనే చేసుకున్నాను. నేర్చుకున్నదంతా దాని మీద పెట్టాను. మాస్టరు ప్రింటు చూసి, “బాగుండాది. రేప్పొద్దున నువ్వు దీని పక్కనే కాపురం చేయల్ల, గుర్తుంచుకో,” అన్నాడు. నేను నవ్వేశాను.

మా ఆయనది గుమ్మఘట్ట. రాయదుర్గం బస్సుల్లో కండక్టరు. ఫోటో చూసే ఒప్పుకున్నాడు, పెళ్ళయ్యాక దాన్ని పర్సులో పెట్టుకున్నాడు. మొదట్లో అది నాకు గర్వంగా ఉండేది. ఎనభైలు వచ్చాయి. ఇద్దరు పిల్లలు పుట్టారు. చెంపల మీద మంగుమచ్చలు పడ్డాయి, జుట్టు పిడికెడు పిడికెడు ఊడిపోయింది. పర్సులో పిల్లకు మాత్రం ఏమీ కాలేదు. ఒకనాడు ఆయనతో పనిచేసే కండక్టరు ఒకాయన ఇంటికొచ్చాడు. తలుపు తీశాను. “చంద్రన్న లేడామ్మా? పోనీ ఆయన పెండ్లాం ఉంటే పిలువు, ఈ సంచి ఇచ్చిపోతా,” అన్నాడు. ఆయన నా ఫోటో చాలాసార్లు చూశాడట. నేను సంచి తీసుకుని, చెబుతాలే అని తలుపు వేశాను.

ఆ రోజు నుంచి ఆ పిల్ల మీద నాకు కలిగిన ద్వేషం ఇంతా అంతా కాదు. బస్సులో ఆయన పర్సు తీసినప్పుడల్లా దాని ముఖమే చూస్తాడు కదా అని కుమిలిపోయేదాన్ని. ఇంట్లో పరాయిదాన్ని పెట్టుకున్న భార్యలా ఆయన చొక్కా జేబు వైపు చూసేదాన్ని. దాన్ని తయారుచేసింది నా చెయ్యే. ఓబులమ్మక్క పౌడరు ఎందుకు పూసుకుందో అప్పుడు నాకు ఒంట్లోంచి తెలిసింది.

పిల్లలను అత్తగారి దగ్గర వదిలి అనంతపురం బస్సెక్కాను. స్టూడియో సగం చిక్కిపోయింది. రంగుల ఫిల్ములు వచ్చాయి, రీటచింగ్ అడిగేవాళ్ళు లేరు. మాస్టరు చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఓబులమ్మక్క పూర్తిగా నెరిసింది, ఇంకా లావయింది, రెండు పళ్ళు పోయాయి. నా మాట అంతా విని, “ఈయమ్మకు ఉండేది ఉండేట్టు ఒక ఫోటో తియ్యి,” అని ఆయనతో చెప్పింది.

స్టూలు మీద కూర్చున్నాను. మాస్టరు చేతులు వెనక్కు కట్టుకుని నన్ను చూశాడు. పదేళ్ళుగా కోరుకున్న ఆ చూపు అప్పుడు వచ్చింది, మంగుమచ్చలతో, పలచబడ్డ జుట్టుతో ఉన్నప్పుడు. నేను తట్టుకోలేకపోయాను. తల వంచేశాను.

“ఎత్తు,” అంది ఓబులమ్మక్క వెనక నుంచి. “నాకు మాత్రం ఊరికే వచ్చిందనుకున్యావా? ఏడాదికొకసారి ఈ స్టూలు మీద కూర్చునేతప్పుడు యాడన్నా పారిపోదామనిపించేది. చూసేవాళ్ళు చూస్తారు. ముఖం తిప్పుకోకుండా కూర్చునేది ఉండాదే, అదే కష్టం.”

నేను తల ఎత్తాను. మాస్టరు చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి ఆమె గొంతు మళ్ళీ వినబడింది. “ఇంగ చాలప్పా. ఎంతసేపు చూస్తావు ఆయమ్మను?” ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే కెమెరా నొక్కాడు.

ఆ ఫోటోను మా ఆయన పర్సులో పాతదాని ముందు పెట్టాను. వారం తర్వాత ఒకరోజు ఆయన అన్నం తింటూ అన్నాడు, “డిపోలో ఈమెవరని అడిగినారు. నా పెండ్లామన్యా. మరి వెనకుండేదెవరన్నారు. అదీ నా పెండ్లామే అన్యా. ఇద్దరినీ మోస్తాండా, ఏం చేయల్ల?” రెండింట్లో ఏది ఎక్కువ చూస్తావని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు.

ఎనభైల చివర ఓబులమ్మక్క జ్వరంతో వారం పడుకుని పోయింది. కబురు అంది నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. అప్పట్లో పోయినవాళ్ళకు చివరి ఫోటో తీయించేవాళ్ళు. ఎన్నో శవాలకు తీసిన మాస్టరు ఆ రోజు కెమెరా దగ్గరికి పోలేదు. ఆమె తమ్ముడు వచ్చి, “బావా, ఒకటి తీసిపెట్టుకో,” అన్నాడు.

“వద్దప్పా,” అన్నాడు మాస్టరు. “ఆమె నా తట్టు చూడకుండా నేనెప్పుడూ తీయలేదు.”

నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుస్తున్నాను, నిజంగానే ఏడుస్తున్నాను. ఆ ఏడుపు మధ్యలోనే ఆ పాత మంట లేచింది. నేను పోయినప్పుడు ఇలాంటి మాట ఎవరైనా అంటారా అని. శవం ముందు నిలబడి అసూయపడిన మనిషిని నేను. ఆమె లేచి కూర్చోగలిగితే, “నాకు తెలుసులే పాపా,” అని ఉండేది.

నాలో ఆ గుణం ఇప్పటికీ పోలేదు. రెండు నెలల కిందట మా ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. నాలుగైదేళ్ళుగా ఆయనకు నేను మసకగానే కనబడుతున్నాను, ఆ మసకలో నాకు హాయిగానే ఉండింది. ఆస్పత్రిలో కట్టు విప్పగానే ఆయన ముందు చూసింది చక్కగా నవ్వే నర్సు పాపను. అది నాకు ఇంటికొచ్చేదాకా మండుతూనే ఉంది. మరునాడు పొద్దున వరండాలో కుర్చీ వేసుకుని నన్ను పిలిచాడు.

“ఈడికి రా. ఎండ తట్టు తిరిగి నిలబడు.”

నిలబడ్డాను. చూశాడు. నుదురు, కళ్ళ కింద సంచులు, వేలాడే చెంపలు, ఒక్కొక్కటీ వెతుక్కుంటున్నట్టు చూశాడు.

“శానా ముసలిదానివైనావే,” అన్నాడు.

నా చెయ్యి కొంగు మీదికి పోయింది, ముఖానికి అడ్డం పెట్టుకుందామని. అక్కడే ఆపేశాను. తల దించలేదు. ఆయన చూసినంతసేపూ ఆ ఎండలోనే నిలబడి, నేను కూడా ఆయన్నే చూశాను.